సాయం ఎవరి పేరున

వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనేవారు. పెళ్ళైన నాటి నుంచి కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఆమెవి. డెబ్బై దాటినా అవి ఆమె మాట వినేవి. మాట విననివి కొడుకు కాళ్ళు.

కొడుకును చంటి అని పిలిచేవారు. పేరుకే చంటి, ముప్పై నాలుగేళ్ళ ఆరడుగుల మనిషి. మేస్త్రీ పనికి వెళ్ళి, పరంజా విరిగి మేడ మీద నుంచి పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. అతన్ని పక్కకు తిప్పడం, తుడవడం, గుడ్డలు మార్చడం, చక్రాల కుర్చీలోకి ఎత్తడం, అన్నీ తల్లే.

"ఒకసారి ఎత్తుకుని పెంచాను, మళ్ళీ ఎత్తుకుంటున్నా. అప్పుడు మీసాలు లేవు, అంతే తేడా" అనేది.

ఆ వీధిలో చాలా ఇళ్ళు అలాంటివే. ఎదురింట్లో, ఫ్యాక్టరీ మిషనులో రెండు చేతులూ పోగొట్టుకున్న కుర్రాడికి నాయనమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. మూలింట్లో, యాసిడ్ పడి చూపు పోయిన కోడల్ని మామగారు చెయ్యి పట్టుకుని నడిపించేవాడు.

ఒకరోజు వార్డు ఆఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చింది. లేవలేని వాళ్ళ ఇంటికి రోజూ పొద్దున రెండు గంటలు సాయం మనిషిని పంపిస్తారట.

"ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఎవరమ్మా?"

"నేనే. నాకేం, దుక్కలా ఉన్నాను. సాయం కావాల్సింది మా వాడికి."

"అరవై దాటిన వాళ్ళకేనండీ. ఇలాంటి సాయం ఎక్కువగా ముసలివాళ్ళకే కావాలని పైవాళ్ళ లెక్క."

"ఆ లెక్క ఎక్కడ కట్టారో గానీ తల్లీ, మా వీధిలో ముసలాళ్ళు నిలబడి ఉంటారు, పిల్లలు పడుకుని ఉంటారు."

మేడమ్ చెడ్డది కాదు. కుర్చీలో ఉన్న చంటి వంక చూసి గొంతు తగ్గించింది. "మీరు లేవలేకపోతే మీ పేరున పంపించొచ్చు. కాకపోతే డాక్టరు వచ్చి చూస్తాడు."

డాక్టరు వచ్చేసరికి మిషనమ్మ మంచమెక్కి ఉంది. లేవమంటే మూలిగింది. పట్టుకుని నిలబెడితే కూలబడింది. చంటి తల అటు తిప్పుకున్నాడు. డాక్టరు గడప దాటాక, "నా కోసం కుంటిదానివయ్యావా అమ్మా?" అన్నాడు.

"నోర్ముయ్. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళు అడిగినా పెట్టడం లేదు, ఏం చెయ్యను?"

సాయం మనిషి యాభైకి దగ్గరలో ఉన్న గట్టి ఇల్లాలు. మొదటి రోజు వేణ్ణీళ్ళు కాచి మిషనమ్మ మంచం దగ్గరికి తెచ్చింది. మిషనమ్మ చటుక్కున లేచి, సబ్బు ఆమె చేతిలో పెట్టింది.

"నాకొద్దమ్మా. వాణ్ణి చూడు."

"అదేంటి పిన్నీ, లేవలేరన్నారు?"

"లేవలేను. నువ్వెళ్ళగానే మళ్ళీ లేవలేను."

ఆమె పకపకా నవ్వి, కొంగు బొడ్లో దోపి, చంటి వైపు నడిచింది.

ఆ కొన్ని నెలలూ ఇంటికి ఊపిరి వచ్చింది. చంటి వీపు మీది పుండు మానింది. గడ్డం గీయించుకుని వాకిట్లో కూర్చుని, పోయేవాళ్ళనూ వచ్చేవాళ్ళనూ ఆటపట్టించేవాడు. మిషనమ్మ తలుపు దగ్గరగా వేసి జాకెట్లు కుట్టేది.

సాయం మనిషికి ఆదివారం సెలవు. ఒక ఆదివారం కొడుకును కుర్చీలోకి ఎత్తబోతూ మిషనమ్మ తడి నేల మీద జారింది. అంత మనిషీ ఆమె మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగిన చప్పుడు అతనికి వినిపించింది. ఆమె మీద నుంచి కాళ్ళు తీయడం అతనికి చేతకాలేదు. కేకలు విని ఎదురింటి నాయనమ్మ వచ్చేదాకా ఇద్దరూ అలాగే పడి ఉన్నారు.

ఎముకలు గుల్లబారాయి, ఆపరేషనుకు తట్టుకోవని ఆస్పత్రిలో చెప్పి పంపించేశారు.

"ఇక మేడమ్‌తో అబద్ధమాడే పని తప్పింది" అంది మంచం మీద నుంచి. 

ఇప్పుడు రెండు గంటలు, రెండు మంచాలు. "ముందు వాణ్ణి చూడు" అనేది మిషనమ్మ. అతని పని అయ్యేసరికి సాయం మనిషికి ఇంకో ఇంటికి వేళయ్యేది. "నేను బాగానే ఉన్నాలే, వెళ్ళు" అని దుప్పటి మెడదాకా లాక్కునేది. కొన్నాళ్ళకు గదిలో వాసన మొదలైంది. ఆ వాసన ఏమిటో, వీపు పుండుతో పడుకున్న చంటికి ఒకరు చెప్పక్కర్లేదు.

"అక్కా, ముందు మా అమ్మను పక్కకు తిప్పు" అని అరిచాడు.

దుప్పటి తీసిన సాయం మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే చంటి మేడమ్‌కు ఫోన్ చేశాడు. "హోమ్‌లో చోటుందా?"

"అది వృద్ధుల హోమ్ చంటీ, చోటిస్తే మీ అమ్మకిస్తారు. నీ వయసు వాళ్ళకు వేరే ఎక్కడా లేదు."

"మా అమ్మకు రావాల్సిన చోటు నాకిప్పించండి. ఆవిడ పేరున వచ్చే సాయం ఆవిడకే ఉండనివ్వండి."

మేడమ్ పదిమంది కాళ్ళావేళ్ళా పడి పర్మిషన్ తెచ్చింది. వ్యాను వచ్చిన రోజు తల్లి చెయ్యి పట్టుకుని, "వెళ్తానమ్మా" అన్నాడు.

"వెళ్ళొస్తానను" అంది ఆమె.

అతను అనలేదు.

తరువాత ఒకసారి సాయం మనిషి అతనికి బట్టలు ఇచ్చి వచ్చింది. పెద్ద హాలు, అందరూ పండుటాకులే. చీకటి పడకముందే దీపాలార్పేస్తారు. పక్క మంచం తాతకు చంటే చెంచాతో గంజి పడుతున్నాడట. ఆ తాత రోజూ, "ఎవర్ని చూడ్డానికొచ్చావు బాబూ?" అని అడుగుతాడట.

మిషనమ్మ అంతా విని అడిగింది.

"అక్కడ చేరినవాళ్ళు ఎన్నాళ్ళుంటారమ్మా?"

"ఏడాదో, రెండేళ్ళో పిన్నీ."

"మా వాడికింకా ఒక్క వెంట్రుక నెరవలేదు."

సాయం మనిషి దుప్పటి తీసింది. మిషనమ్మ భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి వేసి, నొప్పి తగలకుండా గోడవైపు తిప్పింది. ఆ పొద్దున రెండు గంటలూ ఆమెకే ఉన్నాయి.