వంటవాడి పేరు

తర్లుపాడు దీనమ్మ నా ఆఫీసుకు వచ్చిన రోజు ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు. చివరికి నేను విసుక్కుంటే కూర్చుంది, అదీ అంచు మీద. పలకల ఫ్యాక్టరీలో పని మధ్యలో వదిలి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళకు రాతిపొడి అలాగే ఉంది. వెంట కూతురు ఫెబీ ఉంది. కొనకనమిట్ల మండలంలో ప్రభుత్వ బడి టీచరు. ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు.

నా పేరు కన్యక. మార్కాపురంలో ఆ పేరు విన్నాక కులం అడిగే పని ఉండదు. మావాళ్ళు బజార్లో దుకాణాలు నడుపుతుంటే నేను కోర్టులో పొలం గట్ల తగాదాలు, చెక్కు బౌన్సులు, విడాకులు నడుపుతుంటాను. అంతర్జాతీయ న్యాయం అంటారా, అది లా కాలేజీలో పరీక్షకు ముందురోజు చదివి, రాసిన మర్నాడు మరచిపోయిన పేపరు. అది ఢిల్లీ మీదుగా మార్కాపురం కోర్టు దాకా వస్తుందని, ఉచిత న్యాయసహాయం కింద నా నెత్తిన పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

సంగతి ఇది. దీనమ్మ కొడుకు వంటపని నేర్చుకుని గల్ఫ్‌కు పోయాడు. అక్కడి కాంట్రాక్టరు అతన్ని యుద్ధం జరుగుతున్న మరో దేశానికి, ఒక సైనిక శిబిరంలో వండిపెట్టడానికి పంపాడు. ఒకరోజు పొద్దున్నే కూరగాయల వ్యాను ఒకటి వచ్చి వంటశాల దగ్గర ఆగి, పేలిపోయింది. సైనికులు చాలామంది చచ్చిపోయారు. వాళ్ళతోపాటు వంటవాడూ పోయాడు. మంటల్లో డీఎన్ఏ పరీక్షకు కూడా ఏమీ మిగల్లేదు. వ్యాను పంపినవాడు ఏళ్ళ తర్వాత యూరప్‌లో ఒక దేశంలో దొరికాడు. ఉగ్రవాదం ఏ దేశంలో జరిగినా సరే, నిందితుడు తమ గడ్డ మీద దొరికితే తామే విచారించవచ్చని అక్కడి చట్టం. విచారణ మొదలైంది.

నిందితుడి వకీలు తెలివైనవాడు. చచ్చినవాళ్ళంతా సైనికులే, యుద్ధంలో సైనికుణ్ణి చంపితే అది యుద్ధం అవుతుంది గాని ఉగ్రవాదం ఎలా అవుతుంది అన్నాడు. వినడానికి ఒళ్ళు మండుతుంది గాని, ఆ కేసు నిలబడ్డ అంతర్జాతీయ ఒప్పందంలో దాదాపు అలాగే ఉంది. యుద్ధంలో చేయి పెట్టని మామూలు మనిషిని చంపి ఉండాలి. ఆ లెక్కన కేసంతా వచ్చి వంటవాడి దగ్గర ఆగింది. శిబిరంలో అతన్ని అందరూ శ్యాంసన్ అనేవారు. ఇంటిపేరు ఎవరికీ తెలియదు, కాంట్రాక్టరు కంపెనీ మూతపడింది, కాగితాలు దొరకలేదు. శ్యాంసన్ వంటవాడు కానే కాదు, తుపాకి పట్టిన కిరాయి కాపలాదారు, అది అతను అక్కడ పెట్టుకున్న మారుపేరు అని ఆ వకీలు వాదించాడు. అతనితో పనిచేసిన ఒక మలయాళీ మాత్రం, వాడు వంటవాడే, వాడిది పలకలు చేసే ఊరు, తల్లి పేరు దీనమ్మ అని పోలీసులకు చెప్పాడు. చెప్పి, కోర్టుకు రాకముందే గుండెపోటుతో పోయాడు.

ఇక్కడ మన ప్రభుత్వ కాగితాల్లో గల్ఫ్‌కు పోయి తప్పిపోయినవాడు శ్యాంసన్ కాదు, కాటమరాజు. శ్యాంసన్, కాటమరాజు ఒక్కడేనని, ఆ పేరు పుట్టినప్పటినుంచీ ఉందని చెప్పగలిగింది ఇంటివాళ్ళే. దీనమ్మ, ఫెబీ ఇద్దరిలో ఎవరు చెప్పినా సరేనని అక్కడి ప్రాసిక్యూటరు అడిగాడు.

"శ్యాంసన్ అంటే మావోడే ప్లీడరమ్మా," అంది దీనమ్మ. "పుట్టినప్పుడు పాస్టరయ్య చర్చిలో ఎత్తుకోని పెట్టినాడు ఆ పేరు. బళ్ళో కాటమరాజని వాళ్ళ నాయన రాయించినాడు, వాళ్ళ తాత పేరు. ఇంట్లో ఎవురూ అట్ల పిలవలే."

ఇది మా వైపు అందరికీ తెలిసిన సంగతే, పైకి ఎవరూ అనరంతే. పల్లెల్లో చర్చికి పోయే దళిత కుటుంబాల్లో బిడ్డకు రెండు పేర్లుంటాయి. బడికీ కుల ధ్రువపత్రానికీ తాతదో అవ్వదో పేరు. ఇంటికీ ఆదివారానికీ బైబిలు పేరు. ఫెబీ కూడా ప్రభుత్వానికి మాలకొండమ్మే. క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుందని చట్టం. వాడ మాత్రం ఎక్కడికీ పోదు, ఊరి చివర ఎక్కడ ఉందో అక్కడే ఉంటుంది. ఈ చట్టం రాసినవాళ్ళెవరూ తర్లుపాడులో ఒక్క పూట ఉన్నట్టు లేదు.

"ఆ మాటే కోర్టులో చెప్పు పెద్దమ్మా, చాలు," అన్నాను.

"చెప్తే దీని ఉద్యోగం ఏమైతది?"

నా దగ్గర జవాబు ఉంది, చెప్పబుద్ధి కాలేదు. ఫెబీది ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. ఆమె తర్వాతి ర్యాంకు అబ్బాయి, ఈమె క్రైస్తవురాలని అప్పటికే అర్జీ పెట్టి ఉన్నాడు. రుజువు లేక అది మూలన పడి ఉంది. తల్లి కోర్టులో ప్రమాణం చేసి చర్చి సంగతి చెబితే ఆ అబ్బాయికి రుజువు మనమే వండి వడ్డించినట్టు.

"ముద్దుపేరని చెప్తా," అంది దీనమ్మ.

"ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎవరి ముందు పెట్టారని అడుగుతాడు. అవతలివాడికి అదే పని. పైగా ప్రమాణం చేసి అబద్ధం చెప్పమని నేను అనను."

"మా, అన్న పేరు సంగతి నువ్వు చెప్పు," అంది ఫెబీ. "నాది నేను చూసుకుంటా."

"నువ్వేంది చూసుకునేది? మళ్ళా వచ్చి నా పక్కన పలకలు కోస్తావా? పోయినోడు యాడన్నా తిరిగొస్తాడా ఏంది?"

తల్లి చాలు, కూతురు సాక్ష్యం చెప్పదని రాసి పంపాం. ఏం చెబుతావని దీనమ్మను మళ్ళీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

విచారణ రోజు మార్కాపురం కోర్టు హాల్లో పెద్ద తెర పెట్టారు. తెరలో ముగ్గురు జడ్జీలు, ఇద్దరు వకీళ్ళు, అద్దాల గదిలో గడ్డం నెరిసిన నిందితుడు. మూలగా తర్జుమా చేసే ఆయన. ఆయన తెలుగువాడేగాని, ఆయన తెలుగు తెలుగువాళ్ళతో మాట్లాడి చాలా కాలమైనట్టుంది.

"అమ్మా, తమ పుత్రుని నామధేయమేమి?"

దీనమ్మ బిక్కమొహం వేసింది. మన జడ్జిగారు, "నీ కొడుకు పేరు అడుగుతున్నారమ్మా," అన్నారు.

"కాటమరాజు సార్."

"ఆయన ఏ వృత్తిలో ఉండెను?"

"వంటపని సార్. బిరియానీ బాగ చేస్తాడు." మళ్ళీ తనే దిద్దుకుని, "చేసేటోడు," అంది.

"ఆయనను శ్యాంసన్ అని ఎవరైనా పిలిచేవారా?"

దీనమ్మ వెనక్కి తిరిగి కూతుర్ని చూసింది. ఫెబీ తల ఊపింది, చెప్పమని. దీనమ్మ మళ్ళీ తెర వైపు తిరిగింది. ప్రశ్న అర్థం కాలేదేమోనని తర్జుమా ఆయన ఇంకోసారి అడిగాడు.

"ఆ పేరుగల్లోడు నాకు తెల్దు సార్."

నాకు చెప్పలేనంత బాధ వేసింది. కన్నకొడుకును కాదన్నందుకు ఆమెను ఒక్క మాట అనే హక్కు ఆ హాల్లో ఎవరికీ లేదు. ఒక చట్టం కొడుకు పేరు చెప్పమంటోంది, ఇంకో చట్టం చెబితే కూతురి కూడు లాక్కుంటానంటోంది. రెండూ న్యాయం పేరుతోనే నడుస్తున్నాయి. నిందితుడి వకీలు లేచి, తాను అడగాల్సిందేమీ లేదని చెప్పి కూర్చున్నాడు. ఆయన పని దీనమ్మే చేసిపెట్టింది.

"నేను చెప్తా సార్."

ఫెబీ లేచి నిలబడింది.

"కూచోవే!" అని అరిచింది దీనమ్మ. "దాని మాట వినొద్దు సార్, దానికేం తెల్దు!"

నిందితుడి వకీలు అభ్యంతరం చెప్పాడు. తల్లి చెప్పింది కూర్చుని విన్నదని, ముందే సాక్ష్యం వద్దనుకున్నదని. తెరలో జడ్జీలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. విన్న సంగతి దృష్టిలో పెట్టుకుంటాం, చెప్పనివ్వండి అన్నారు. నేను ఫెబీ పక్కకు పోయి, "ఆలోచించుకున్నావా?" అన్నాను. ఆమె నన్ను దాటుకుని బోనులోకి పోయింది.

"పేరు?" అన్నాడు మన క్లర్కు.

"ఫెబీ."

క్లర్కు చేతిలో ఆధార్ కార్డు ఉంది. దాన్ని చూసి, ఆమెను చూసి, కలం ఆపాడు.

"అందులో మాలకొండమ్మ అని ఉంటది," అంది ఫెబీ. "అదీ నేనే. మా అన్న బళ్ళో కాటమరాజు, చర్చిలో శ్యాంసన్. మాకు అట్లనే రెండు పేర్లు. నా కంటే నాలుగేండ్లు పెద్దోడు. నాకు మాట వచ్చినకాడ్నుంచి శ్యామన్నా అనే పిలిచినా. అక్కడికి పోయి పెట్టుకున్న పేరు కాదు అది."

ఈసారి అవతలి వకీలు కూర్చోలేదు. ఎక్కడ నొక్కాలో ఆయనకు తెలుసు. ఆయన అడిగింది తర్జుమా ఆయన నెమ్మదిగా, మామూలు మాటల్లో చెప్పాడు. "మీ కుటుంబం ప్రభుత్వానికి ఒక పేరు చెప్పింది, దేవుడికి ఇంకో పేరు చెప్పింది. అలాంటివాళ్ళ మాట ఈ కోర్టు ఎందుకు నమ్మాలి?"

ఫెబీ రెండు చేతులతో బోను కమ్మీ పట్టుకుంది.

"నేను టీచర్ని సార్. మాలకొండమ్మ పేరు మీద వచ్చిన ఉద్యోగం నాది. చర్చి పేరు బయటికొస్తే అది పోతది. మా అమ్మ అందుకే తెల్దనింది. నేను అబద్ధం చెప్పేదాన్నయితే, లేవకుండా కూర్చోని, రేపు బడికి పోయేదాన్ని సార్. మా శ్యామన్న వంటోడు. తుపాకి ముట్టుకున్నోడు కాదు."

తర్జుమా ముగిశాక తెరలో మధ్యనున్న జడ్జి కళ్ళజోడు తీసి ఏదో రాసుకుంది. అవతలి వకీలు ఇంకో ప్రశ్న అడగబోయి, కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

అప్పుడు దీనమ్మ లేచి, ఎవరూ పిలవకుండానే పోయి కూతురి పక్కన నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. జడ్జిగారు ఆపలేదు. ఆమె కొంగు తీసేసి తెర వైపు చూసింది.

"శ్యాంసన్ నా కొడుకు సార్," అంది. "వాణ్ణి నేనే కన్నా."