గొంతు మీద కత్తి

నురుగు ఇంకాస్త వేడిగా ఉండాల్సింది, బావ చర్మం అసలే సున్నితం, ఇవాళ కూతురి పెళ్ళి పెట్టుకుని చెంప మీద గాటు పడిందంటే అక్క తనను బతకనివ్వదు, పెళ్ళట, ఆడపిల్లకీ ఆడపిల్లకీ పెళ్ళట, వారం నుంచీ తను నెత్తీ నోరూ బాదుకుంటున్నా ఒక్కరూ వినలేదు, అయినా పొద్దున్నే సెలూన్‌కి వచ్చి, సగం దించిన షట్టర్ కింద నుంచి దూరి, ఎప్పటిలాగే కుర్చీలో తల వెనక్కి వాల్చాడు బావ, ఈ కుర్చీ చేతుల మీదే చెక్క వేసి మేనకోడల్ని కూర్చోబెట్టి జుట్టు కత్తిరించేవాడు తను, చెవి తెగదు కదా మామయ్యా అని కళ్ళు గట్టిగా మూసుకునేది, అదే పిల్ల మొన్న ఫోన్ చేసి, నీకు నచ్చకపోతే నచ్చకపోనీ మామయ్యా, మూతి ముడుచుకుని కూర్చున్నా సరే, రా అంది, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఫోన్ పెట్టేశాడు.

కత్తి చెంప దాటి గడ్డం కిందికి దిగింది, చూడు బావా, నాకు పిల్ల మీద కోపం లేదు, కానీ లోకంలో ఎక్కడైనా ఉందా ఇది, తండ్రివై ఉండి నువ్వు ఆపొద్దా అన్నాడు, బావ కిక్కురుమనలేదు, అదీ సంగతి, లోపల ఆయనకీ అలాగే ఉంది, అందుకే నోరు పెగలడం లేదు, పోయిన వారం ఇదే మాటంటే స్కూలు మాస్టారూ ఇలాగే విన్నాడు, బ్యాంకాయనా విన్నాడు, టీవీలో వాళ్ళయితే ఒకరి మీద ఒకరు పడి అరుచుకుంటారు, ఇక్కడ మాత్రం అందరూ బుద్ధిగా విని మొహం తుడుచుకుని పోతారు, ఈ కుర్చీ దగ్గర తను ఓడిన వాదన లేదు అనుకుంటూ అద్దంలోకి చూశాడు, బావ కళ్ళ నిండా నీళ్ళు, గుటక మింగబోయి ఆగిపోయాడు, ఎందుకాగాడు, కత్తి, గొంతు మీద కత్తి ఉంది కదా, కదిలితే తెగుతుంది.

ఓరి దేవుడా, మాస్టారూ అంతే, బ్యాంకాయనా అంతే, వాళ్ళెవరూ ఒప్పుకోలేదు, కదల్లేక ఊరుకున్నారు, దానికా తను ఇన్నేళ్ళూ మురిసిపోయింది, ఆ పెళ్ళి తన బుర్రకి ఇప్పటికీ ఎక్కడం లేదు, ఎప్పటికీ ఎక్కదేమో, కానీ అన్నేసి మాటలు పడ్డాక కూడా ఈ మనిషి వచ్చి తన చేతికే గొంతు అప్పగించాడు, కత్తి మడిచి అద్దం ముందు పెట్టాడు, సగం నురుగుతో ఉన్న బావని కుర్చీతో సహా తన వైపు తిప్పుకున్నాడు, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు, ఇప్పుడు చెప్పు బావా, నువ్వు చెప్పేదాకా కత్తి ముట్టను అన్నాడు.