పాంగ్ వంశపు మూడో పట్టు

పాంగ్ షౌరెన్ తన జన్మలో ప్రభుత్వాన్ని ఒక్కసారే మోసం చేశాడు. ఆ ఒక్కసారీ ఎంత శుభ్రంగా చేశాడంటే, ఇరవయ్యారేళ్లయినా ఎవరికీ చీమంత అనుమానం రాలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకు చప్పిడి కొర్ర జావ కూడా తియ్యగా ఉండేది.

అది 1958. కాలువగట్టున నూలు మిల్లు కొత్తగా లేచింది. జిల్లా క్రీడా సంఘం నుంచి లువాన్ అనే అధికారి నోటుపుస్తకం పట్టుకుని దిగాడు. పాత యుద్ధవిద్యలన్నీ భూస్వామ్య చెత్త అనీ, అయితే చెత్తలోంచి కూడా ప్రజలకు పనికొచ్చేది ఏరుకోవచ్చుననీ, పాంగ్ వంశం ఎనిమిది తరాలుగా దాచుకున్న ఇరవై నాలుగు పట్ల వరసను ప్రజలపరం చేయాలనీ ఉపన్యాసం ఇచ్చాడు. ఇవ్వనంటే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. పక్క ఊరి ఈటెవిద్య గురువు ఇవ్వనన్నందుకు అప్పటికే ఎక్కడో రోడ్డు మీద కంకర కొడుతున్నాడు.

పాంగ్ వాళ్లింట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. బజార్లో చూపించే విద్య ఒకటి, శిష్యుడికి నేర్పేది ఒకటి, కొడుక్కి ఇచ్చేది ఒకటి. ప్రభుత్వాన్ని ఈ మూడింట్లో ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఒక పూటంతా ఆలోచించి, పాంగ్ దాన్ని బజార్లోనే కూర్చోబెట్టాడు. వరస మొత్తం నిలబడేది మూడో పట్టు మీద. దాని పేరు ‘దున్న వెనక్కి చూడటం’. ఎడమకాలు వెనక్కి జారుతుంది, నడుం తిరుగుతుంది, వెనకున్నవాడి డొక్కలో మోచెయ్యి దిగుతుంది. ఆ నడుం తిప్పుడు వస్తే దాని తరవాతి ఇరవై ఒక్క పట్లూ వస్తాయి. అది రాకపోతే మిగిలేది చేతులూపుడే. పాంగ్ సరిగ్గా దాన్నే పీకేసి, ఆ చోట రెండు చేతులూ పైకెత్తి వెడల్పుగా చాపే గంతు ఒకటి పెట్టాడు. పెళ్లి ఊరేగింపుల్లో డప్పుల ముందు వేసే గంతు అది. దాన్ని చూసి లువాన్‌కు కళ్లు చెమర్చాయి. ‘ఎర్ర సూర్యుడికి స్వాగతం’ అని పేరు పెట్టి పుస్తకం వేయించాడు. ఆ పుస్తకం మీదే మెట్టు మెట్టుగా పైకెక్కాడు.

మోసంలో ఒక్క చిక్కు మాత్రం పాంగ్‌కు ముందు తోచలేదు. ఆ వరసను జనంచేత చేయించడానికి ఒక మనిషి కావాలి కదా! పాంగ్‌నే పెట్టారు. రోజూ పొద్దున్నే లౌడ్‌స్పీకర్ అరుస్తుంటే మిల్లు మైదానంలో బల్ల మీద నిలబడి, తొమ్మిది వందల మందిచేత సూర్యుడికి స్వాగతం చెప్పించాడు. తరవాత సాంస్కృతిక విప్లవం వచ్చింది. ఇంట్లో ఉన్న, పట్లన్నీ రాసిన తాతల నాటి గ్రంథాన్ని వాకిట్లోనే తగలబెట్టి, పాంగ్ నెత్తిన కాగితం టోపీ పెట్టి ఊరేగించారు. అయినా పొద్దుటి వ్యాయామం ఆగలేదు. పొద్దున ఆయన వాళ్లచేత చేతులెత్తించేవాడు, సాయంత్రం వాళ్లే పిడికిళ్లెత్తి ఆయన్ని చెత్త అని తిట్టేవారు. తిట్టేటప్పుడు భుజాలు చక్కగా కదులుతున్నాయని ఆయన లోలోపల మెచ్చుకునేవాడు.

నిజమైన వరస చేయడానికి మాత్రం చోటు లేకపోయింది. సొంత వాకిలి కాస్తా నాలుగు కుటుంబాల ఉమ్మడి అయిపోయింది, గోడకొక చెవి. మనసులో చేసుకుంటున్నానులే అనుకున్నాడు పాంగ్. కొడుక్కి నేర్పాల్సిన వయసులో నేర్పితే వాడి ప్రాణానికే ముప్పు. వాడు లారీ డ్రైవరై పది రోజులకోసారి ఇంటికొచ్చి, తిని, పడుకుని పోతున్నాడు.

1984 వసంతంలో గాలి తిరిగింది. పాత విద్యలు ఇప్పుడు చెత్త కాదు, జాతి సంపద. జిల్లా క్రీడా సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మిల్లులో పనిచేసే కోడలు యూఫెన్ చదివి వినిపించింది.

“మావయ్యా, వీడియో కెమెరాతో వస్తారట. మీ విద్య అసలు రూపాన్ని రికార్డు చేసి భద్రపరుస్తారట. పది రోజుల్లో. కింద సంతకం ఎవరిదో తెలుసా? లువాన్ గారిది.”

“అసలు రూపం అని రాశారా?” అన్నాడు పాంగ్.

“రెండుసార్లు రాశారు.”

ఆ మాట కోసం ముసలాయన ఇరవయ్యారేళ్లు బతికాడు. మర్నాడు తెల్లారగానే వాకిలి గడియ పెట్టాడు. పక్క వాటాల వాళ్లు ఫ్లాట్లకు వెళ్లిపోయారు గనక వాకిలిప్పుడు సొంతం. మొదటి పట్టు, రెండో పట్టు. మూడో దానికి చేతులు రెండూ వాటంతటవే పైకి లేచాయి.

నవ్వుకున్నాడు. మళ్లీ చేశాడు. మళ్లీ లేచాయి. చేతులు కదపకుండా కాళ్లు మాత్రమే వేసి చూశాడు. కుడికాలు ముందుకు పడింది, వెనకాలే చేతులూ లేచాయి. పొయ్యి మీద జావ ఉడికేలోగా ఆయన సూర్యుడికి పదకొండుసార్లు స్వాగతం చెప్పాడు. కళ్లు మూసుకుని మనసులో చూద్దామంటే, అక్కడ కూడా మిల్లు మైదానమే, బల్లే, లౌడ్‌స్పీకరే. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇరవయ్యారేళ్లు చేస్తే ఇక వీరు మిగలరు.

పాంగ్‌కు భయం వేసింది. కాగితం టోపీ పెట్టినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు. అప్పుడు పోయేది ఒళ్లే. ఇప్పుడు ఎనిమిది తరాల విద్య ఆయన ఒంట్లోంచే ఆయనకు తెలియకుండా జారిపోయింది.

“ఏమయ్యా, సూర్యుడు వచ్చేసి చాలాసేపయింది,” వంటింటి గుమ్మంలోంచి భార్య సూమెయ్ గొంతు. “ఇంకా ఎన్ని స్వాగతాలు? ఎడమకాలయ్యా, ఎడమకాలు!”

“ఏంటే?”

“ఎడమకాలు వెనక్కి జారాలి. నువ్వు కుడికాలు ముందుకేసి కొంగలా నిలబడుతున్నావు.”

“వంటింట్లో ఉండేదానివి, నీకేం తెలుసే?”

“వంటింట్లోంచే తెలిసింది. పెళ్లయినప్పట్నుంచీ ఇరవై రెండేళ్లు ఈ వాకిట్లోనే కదా ఎగిరావు. రహస్యమని శిష్యుల్ని బయటికి తోసి గడియ పెట్టేవాడివి. నన్ను తోశావా? తిరగలి దగ్గరున్నది మనిషి లెక్కలోకి రాదాయె!”

“చూస్తే వచ్చేస్తుందా?”

“చూడ్డమే కాదు. ఆ తిప్పుడు తిప్పే నలభై ఏళ్లుగా ఈ ఇంటికి నూడుల్స్ పిండి పిసుకుతున్నా. లేకపోతే నా నడుం ఎప్పుడో విరిగేది. రా, నా వెనక నిలబడు. దగ్గరికి రావయ్యా, కొత్త పెళ్లికొడుకువా సిగ్గుపడ్డానికి?”

నిలబడ్డాడు. ఆమె ఏం చేసిందో ఆయనకు కనపడలేదు. మరుక్షణం బొగ్గు బిళ్లల గుట్టలో కూర్చుని ఉన్నాడు, డొక్క పట్టుకుని. అరవయ్యారేళ్ల ఆవిడ, చెయ్యి పిండితో తెల్లగా, ఏమీ జరగనట్టు చూస్తోంది. యూఫెన్ తువ్వాలు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది.

“అదేదో అదాటున తగిలింది,” అన్నాడు పాంగ్.

“మళ్లీ నిలబడతావా?”

నిలబడలేదు. నేర్పమని అడగనూలేదు. ఆడవాళ్లకు నేర్పకూడదన్నది ఆ ఇంటి మొదటి నియమం. మరి ఆడదాని దగ్గర నేర్చుకోవడమా? పైనున్న ఏడుగురు తాతలు ఏమనుకుంటారని పైకే గొణిగాడు.

“పైనున్నవాళ్ల దగ్గర కెమెరా లేదు,” అంది సూమెయ్. “కిందున్నవాళ్ల దగ్గర ఉంది. వాళ్లొచ్చినప్పుడు మూడోది నేను చేసి చూపిస్తాలే. నాకు పేరొద్దు, బిరుదొద్దు. కెమెరాకి మీసాలే కావాలా ఏంటి?”

ఎనిమిది రోజులు ముసలాయన వాకిట్లో ఒంటరిగా కొట్టుకున్నాడు. తొమ్మిదో రోజున జావ తాగుతూ, గిన్నెలోకే చూస్తూ అన్నాడు: “సరే. మూడోది తప్పని రేపు చెప్పేస్తాను. నువ్వే చెయ్యి.”

సూమెయ్ ఆ సాయంత్రమే పెట్టె అడుగు నుంచి నీలం రంగు కొత్త కోటు తీసి, మడతలు పోవడానికి పరుపు కింద పెట్టుకుంది.

జీపు వచ్చింది. లువాన్ జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, ఉపన్యాసం మాత్రం మారలేదు. కాకపోతే ‘చెత్త’ అన్నచోటల్లా ఇప్పుడు ‘సంపద’ అంటున్నాడు. కెమెరా మనిషి వాకిట్లో నిలబడ్డాడు. సూమెయ్ కొత్త కోటు తొడుక్కుని, జుట్టు నీళ్లతో తడిపి దువ్వుకుని, వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆమె అలా ముస్తాబై నిలబడటం యూఫెన్ ఎప్పుడూ చూడలేదు, ఊళ్లోవాళ్లు ఆమె పెళ్లి తరవాత చూడలేదు.

పాంగ్ మొదలుపెట్టాడు. మొదటిది, రెండోది. మూడోదానికి చేతులు లేచాయి.

“అద్భుతం!” లువాన్ చప్పట్లు కొట్టాడు. “అచ్చుగుద్దినట్టు! ముప్పై ఏడో పేజీ!”

పాంగ్ ఆగిపోయాడు. “అది తప్పు కామ్రేడ్.”

“ఏది?”

“మూడోది. యాభై ఎనిమిదిలో మీకు నేను ఇచ్చిందే తప్పు. అసలుది మా ఆవిడకి వచ్చు. చేసి చూపిస్తుంది.”

కెమెరా గుమ్మం వైపు తిరిగింది. సూమెయ్ ఒక అడుగు ముందుకేసింది.

“కెమెరా ఆపవయ్యా,” అన్నాడు లువాన్. “జీపులో ఇంకో టేపుంది, వెళ్లి తీసుకురా. మెల్లిగా తీసుకురా.” ఆ మనిషి వెళ్లాక పాంగ్ భుజం మీద చెయ్యి వేశాడు. “గురువుగారూ, ఏమంటున్నారో తెలిసే అంటున్నారా? అప్పట్లో పార్టీని మోసం చేశానని మీ నోటితో మీరే చెబుతున్నారు. సరే, పాతకాలం, వదిలేద్దాం. మరి నా సంగతి? ఆరుసార్లు అచ్చయిన పుస్తకం. ఈ జిల్లాలో నాలుగు లక్షల మంది చేతులెత్తారు. ఇవాళ మీ ఇల్లాలు వచ్చి దించండ్రా అంటే దించుతారా?”

“అసలు రూపం కావాలనే కదా వచ్చారు?”

“అసలు రూపమే కావాలి. పుస్తకంలో ఉన్న అసలు రూపం.”

లువాన్ సంచిలోంచి రెండు తీశాడు. ఒకటి ఎర్ర అట్ట వేసిన ప్రశంసాపత్రం. ‘పాంగ్ వంశ విద్య ఎనిమిదో తరం వారసుడు, గురువర్యులు పాంగ్ షౌరెన్’ అని బంగారు అక్షరాలు. రెండోది మామూలు కాగితం. ‘చిత్రీకరించినదే ఈ విద్య సంపూర్ణ రూపం. ఇది తప్ప వేరే ఏదీ లేదని ధ్రువీకరిస్తున్నాను.’

“దాని మీద ముద్ర వేస్తే ఇది మీది,” అన్నాడు. “వెయ్యకపోతే రెండూ నా సంచిలోకే పోతాయి. టేపు ఖాళీగా పోతుంది. మీ వంశం పేరు జాతి సంపద జాబితాలో ఉండదు.”

పదేళ్లు వీధివీధినా చెత్త అనిపించుకున్న మనిషి ఆయన. బంగారు అక్షరాల్లో తన పేరు మొదటిసారి చూస్తున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. ఆమె ఆపలేదు, బతిమాలలేదు, చూస్తూ నిలబడింది. పాంగ్ సంతకానికి బదులు వాడే తన పేరు ముద్రను జేబులోంచి తీసి, కాగితం మీద ఒత్తాడు. ముద్ర బాగానే పడింది.

తరవాత కెమెరా ముందు ఇరవై నాలుగు పట్లూ చేశాడు. జీపు వెళ్లిపోయేసరికి సూమెయ్ కోటు విప్పి మడతపెట్టేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాంగ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ప్రశంసాపత్రాన్ని ఎక్కడ తగిలించాలో తెలియక ఇంకా చంకలోనే పెట్టుకుని ఉన్నాడు.

“ఏమే,” అన్నాడు. “వాళ్లు పోయారు. ఆ మూడో పట్టు ఒకసారి... నాకు నేర్పు. అడుగుతున్నాను కదా.”

సూమెయ్ గిన్నె తోముతూనే ఉంది. “ఏ మూడో పట్టు?”

“అదేనే. దున్న వెనక్కి చూడటం.”

“అలాంటిదేం లేదుగా. ఇది తప్ప వేరే ఏదీ లేదని నువ్వే ముద్ర వేశావు. లేనిదాన్ని ఎక్కణ్ణించి తెచ్చి నేర్పమంటావయ్యా?”

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది. గిన్నె బోర్లించి, చెయ్యి తుడుచుకుని, లోపలికి పిలిచింది: “అమ్మాయ్, యూఫెన్! ఆ బల్ల గోడకి జరుపు. చెప్పులు విప్పి రా.”

“ఎందుకత్తయ్యా?”

“చెబుతాను.” భర్త వైపు తిరిగింది. “నువ్వు కాస్త అవతలికి. బయటివాళ్లు ఉండకూడదు.”

తలుపు మూసి గడియ పెట్టింది.

పాంగ్ మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. చెవులదాకా వేడెక్కింది. సిగ్గు అది, ఇంకేదీ కాదు. కిటికీకి అంటించిన కాగితం ఒక మూల చిరిగి ఉందని ఆయనకు తెలుసు. కన్ను పెడితే అంతా కనపడుతుంది. లోపల కాలు నేల మీద జారిన చప్పుడయింది, వెంటనే దభీమని దెబ్బ. చేతులు మరిచిపోయినా చెవులు గుర్తుపట్టాయి. అదే, మూడోది. ఆయన కిటికీ దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చాడు. స్టూలు తెచ్చుకుని వంటింటికి వీపు పెట్టి, వీధి గుమ్మంలో కూర్చున్నాడు.

కాసేపటికి వీధి కమిటీ హౌ పెద్దమ్మ అటుగా వచ్చి మెడ చాచింది. “ఏంటి గురువుగారూ, సన్మానం జరిగిన ఇంట్లో ఈ దభీదభీ ఏంటి?”

“మా ఆవిడ కోడల్ని కొడుతోంది.”

“అయ్యో! ఏం చేసిందేంటి?”

“ఎడమకాలు సరిగ్గా పెట్టలేదట.”

“ఓస్, ఇంత చిన్నదానికా?”

“చిన్నది కాదమ్మా,” అన్నాడు పాంగ్. ఆవిడ లోపలికి తొంగిచూడబోతే, స్టూలును గుమ్మానికి అడ్డంగా జరుపుకున్నాడు.