సదాశివంగారి వన్స్‌మోర్

పొద్దున్న ఎనిమిదింటికి సర్జరీలో, అదే డాక్టర్ల క్లినిక్‌లో, ఫోన్లు మొదలయ్యాయంటే రిసెప్షనిస్టు మానసకి ఊపిరాడదు. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో సగం ఊరికి ఆ టైముకే జ్వరం వస్తుంది మరి. "అపాయింట్‌మెంట్లు అయిపోయాయండీ" అని ఆవిడ ఎంత బాధగా చెబుతుందంటే, పాపం దగ్గుతున్నవాళ్ళే ఆవిణ్ణి ఓదార్చి ఫోన్ పెట్టేస్తారు.

ఓదార్చరూ! న్యూజెర్సీలో పుట్టి, చదువవగానే న్యూయార్క్‌లో స్టేజీ ఎక్కి, తరవాత ఓ డైలీ సీరియల్లో నర్సు వేషంతో అమెరికా ఆడవాళ్ళని మధ్యాహ్నం పూట ఏడిపించిన మనిషి ఆవిడ. కొత్త నిర్మాతలొచ్చి ఆ నర్సుని లిఫ్ట్ గుంటలో పడేసి చంపేశారు. అదే ఏడు భర్త వంశీకి ఇక్కడ ఉద్యోగమొచ్చింది. ఇక్కడి డైరెక్టర్లేమో "మీది అమెరికన్ యాస" అన్నారు, అక్కడివాళ్ళేమో "మీరు దూరమైపోయారు" అన్నారు. చూస్తూ చూస్తూ యాభై దాటింది.

ఇంట్లో మావగారు సదాశివంగారు. తెనాలి మనిషి. జన్మలో మొహానికి రంగు పూసుకోలేదు గానీ, పద్యనాటకం ఎక్కడుంటే అక్కడ ముందు వరసలో ఉండేవారు. పద్యం నచ్చిందా, "వన్స్‌మోర్!" అని అరుపు. చచ్చిపడున్న పాత్రయినా సరే, లేచి ఇంకోసారి రాగం తీసి మళ్ళీ చావాల్సిందే, అది అక్కడి పద్ధతి. సదాశివంగారు మనసారా అంటే మాత్రం ఏదైనా మళ్ళీ జరుగుతుంది. మొన్న మేలో మంచి ఎండకాసిన ఆదివారం ఆయన గార్డెన్‌లో కూర్చుని వన్స్‌మోర్ అన్నారు. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. పక్కింటి ఫయాజ్ వాషింగ్ మెషిన్ రెండో వాయి బట్టలు కూడా ఆరేసుకుని, "థాంక్యూ అంకుల్" అని లోపలికెళ్ళిపోయాడు.

"నా సీరియల్ మొత్తం చూశారు కదా మావయ్యా, ఒక్కసారి కూడా అనలేదేం?" అనడిగింది మానస ఓ రోజు, తన అమెరికన్ తెలుగులో.

"లిఫ్ట్ గుంటలో పడినదానికి వన్స్‌మోరేంటమ్మాయ్? నర్సు చచ్చింది గానీ, నీ మొహంలో మాత్రం లంచ్‌కి ఏం తిందామా అనే ఉంది."

నిజమే, ఆ రోజు ఆవిడకి ఆకలిగానే ఉంది.

అలాంటప్పుడు కోవెంట్రీలో ఓ థియేటర్ నుంచి ఆడిషన్‌కి పిలుపొచ్చింది. కొత్త నాటకం. అమెరికా నుంచి వచ్చి, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఓ పెద్దావిడ కథ. యాస కూడా సరిపోయింది. "ఇదీ రాకపోతే ఇక నేను ఫోన్ చెయ్యను" అని ఏజెంట్ చెప్పేసింది. సర్జరీవాళ్ళు ఫుల్‌టైమ్ చేరమని అప్పటికే అడుగుతున్నారు.

"నేను పాడుచేస్తే వన్స్‌మోర్ అనండి మావయ్యా, ప్లీజ్."

"చెడినదానికి అనకూడదు. అన్నా పనిచెయ్యదు. అది బాగున్నదానికే."

"అయితే నాతో వచ్చి నోరు మూసుకుని కూర్చోండి. ఇక్కడ మధ్యలో దగ్గినా తప్పే."

"ఒట్టు. పెదవి విప్పను."

ఆడిషన్ గదిలో ఆలివర్ అనే కుర్ర డైరెక్టరూ, అతని అసిస్టెంటూ ఉన్నారు. సదాశివంగారు వెనక కుర్చీలో, మంకీ క్యాప్ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. సీనేంటంటే, రిటైర్మెంట్ పార్టీలో ఆవిడ ఓ జోకు చెబుతూ, తనే ముందు నవ్వేస్తూ, ఆ నవ్వులోనే పోవాలి. ఏడుస్తూ పోవడం ఎవరైనా చేస్తారు, నవ్వుతూ పోవడమే కష్టం.

మానస ఓ టీకప్పు పట్టుకుని కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది. జోకు సగంలో నవ్వొచ్చింది. ఆపుకుంది. మళ్ళీ తన్నుకొచ్చింది. ఆ నవ్వు కళ్ళల్లోకెక్కి, భుజాల్లోకి దిగి, చేతిలో కప్పు దాకా పాకి, కప్పు దగ్గర ఆగిపోయింది. ఎక్కడ నవ్వు ఆగిందో, ఎక్కడ ప్రాణం ఆగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ కుదర్లేదని ఆవిడకే తెలిసిపోయింది. కళ్ళు తెరిచింది.

ఆలివర్ ఫోన్ చూసుకుంటున్నాడు. సరిగ్గా ఆ నిమిషానికే టింగుమని మెసేజ్ వచ్చింది మరి.

"లవ్లీ. థాంక్యూ సో మచ్. మేమే చెబుతాం" అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకి ఇంటికెళ్ళమని అర్థం. మానస కప్పు కింద పెట్టి బ్యాగ్ అందుకుంది.

వెనక కుర్చీ కిర్రుమంది.

"వన్స్‌మోర్!"

ఒట్టూ లేదు, మంకీ క్యాప్ లేదు. ముసలాయన నిలబడి, చెంపల మీద నీళ్ళు కూడా తుడుచుకోకుండా అరిచారు. కోడలు తిరిగి చూసింది. ఇన్నేళ్ళకి!

కప్పు మళ్ళీ చేతిలోకొచ్చింది. జోకు మొదలైంది. సరిగ్గా అక్కడే ఆలివర్ ఫోన్ మళ్ళీ టింగుమంది. చదివేసిన మెసేజే కదా, చూడకుండా జేబులో పడేసి తలెత్తాడు.

ఈసారి చూశాడు.

మానస పోయింది. బయట వరసలో ఉన్న మిగతా ఆర్టిస్టులు తలుపు తోసుకుని వచ్చేశారు, వాళ్ళే ముందు చప్పట్లు కొట్టారు. అసిస్టెంట్ ముక్కు చీదుకుంటోంది.

ఆలివర్ వచ్చి ఆవిడ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చచ్చిపోయిన మనిషితో మాట్లాడినట్టు మెల్లిగా అడిగాడు. "ఈ వేషం మీదే. మండే నుంచి రిహార్సల్స్‌కి రాగలరా?"

మానస కళ్ళు తెరవలేదు. తల వాల్చి, కప్పు అలాగే పట్టుకుని చెప్పింది.

"మండే సర్జరీ డ్యూటీల రోటాలో నేనున్నాను. ట్యూస్‌డే వస్తా."