కర్ర వైపు తిరగడం

ఎవరేమన్నా సరే, జరిగినదానికంతా మూలం తన బావమరిది, ఆ అద్దాల మేస్త్రేనని వడ్రంగి నమ్మకం. బ్యాలే నేర్పే బడిలో పిల్లలు పట్టుకుని సాధన చేసే కర్రని గోడకి బిగించింది వడ్రంగి. ఎదురుగోడ నిండా అద్దం పెట్టింది బావమరిది. ఆదివారం క్లాసుకి పిల్లతో పాటు ఇంటి పెద్ద ఒకరు రావచ్చనీ, ప్రదర్శనలో ఆ జంటే కర్ర దగ్గర నిలబడాలనీ టీచరమ్మ చెప్పగానే, మాటమాత్రం చెప్పకుండా బావ పేరు రాయించి వచ్చాడు ఆ మహానుభావుడు. తొమ్మిదేళ్ల కూతురికి ఇక వారం రోజులు కాళ్లు నేలమీద నిలవలేదు.

టీచరమ్మ ముందుగా ఒంటికి దిక్కులు నేర్పింది. అద్దం ఒకటి, పక్క మూల రెండు, ఆపై గోడ మూడు, అలా ఎనిమిది వరకూ. ఐదో తరగతితో బడి మానేసినా, గోడలూ మూలలూ వడ్రంగికి కొత్తా? అంకె వినగానే ఛాతీ అటు పెట్టేశాడు. వెనక నిలబడ్డ కూతురు మురిసిపోయింది.

"మా బావ మూలమట్టం మింగి వచ్చాడమ్మా," అన్నాడు గుమ్మంలోంచి బావమరిది. అందరూ నవ్వారు. వడ్రంగీ నవ్వాడు.

తర్వాత వచ్చింది తిరగడం. మునివేళ్ల మీద లేచి, కర్ర వైపే తిరిగి, చెయ్యి మార్చి పట్టుకోవాలి. టీచరమ్మ రెండుసార్లు చేసి చూపించింది. కానీ అది ఇరవయ్యారేళ్లు రంపం మిషను పక్కన బతికిన ఒళ్లు. రంపం వైపు ఒళ్లు తిప్పినవాడికి వేళ్లు మిగలవని పని నేర్పినాయన చెంప పగలగొట్టి మరీ చెప్పాడు. లెక్క పడగానే అందరూ కర్ర వైపు తిరిగారు. వడ్రంగి ఇవతలికి తిరిగాడు. కుడి మోచెయ్యి వెళ్లి కూతురి మూతికి తగిలింది.

పెదవి చిట్లింది. పాట ఆగింది. అద్దంలో అందరి వీపుల మధ్య తన మొహం ఒక్కటే కనిపించింది. పొరపాటు నాదమ్మా అంటే సరిపోయేది. నోరు ఇంకోటి అంది.

"దూరంగా నిలబడి చావొచ్చుగా. కళ్లెక్కడ పెట్టుకున్నావ్?"

పిల్ల మూతికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు.

"నేనే తప్పు తిరిగాను నాన్నా," అంది, అందరికీ వినబడేలా.

వడ్రంగికి తల కొట్టేసినట్టయింది. ఎవరు ఎటు తిరిగారో గదిలో తెలియనివాళ్లు లేరు. టీచరమ్మ దూది తెచ్చి, మొదట్లో ఇవన్నీ మామూలేనంది. బావమరిది లోపలికొచ్చి, బావకేసి చూడకుండా పిల్ల గడ్డం ఎత్తి పెదవి చూశాడు. నాలుగు దెప్పినా బాగుండేది.

ఇంటికొచ్చాక తల్లి అడిగితే కాలు జారిందని చెప్పింది పిల్ల. పక్కగదిలో కూర్చుని వింటున్న వడ్రంగి లేచి వెళ్లలేదు.

ఆ వారమంతా, పనివాళ్లు భోజనాలకి వెళ్లగానే షాపు తలుపులు దగ్గరకి వేసి, పనిబల్ల అంచు పట్టుకుని తిరిగాడు. శుక్రవారానికి ఒళ్లు మాట విన్నది. ఏ చేత్తో పట్టుకున్నా బల్ల వైపే, తడబాటు లేకుండా. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పిల్లే చూస్తుందిగా అనుకున్నాడు.

శనివారం సాయంత్రం కూతురు పెదవి మీది పెచ్చు గిల్లుకుంటూ వచ్చి నిలబడింది.

"రేపు మావయ్యని రమ్మన్నాను నాన్నా. నీకెలాగూ పనుంటుంది కదా."

పనేమీ లేదు. "ఉంది," అన్నాడు వడ్రంగి, "బోలెడుంది."

పద్దెనిమిది అడుగుల కర్ర అది. దాని మీద కూతురి ముందు తను నిలబడాల్సిన చోటు, మూడడుగుల ఆరంగుళాలు, బావమరిది పాలైంది.