కర్రకు రావలసిన పేరు

నేను ఒక దోటిని. పొడుగాటి కర్ర చివర వంకర కత్తి తొడిగి, చేతికందని కాయలు కోయడానికి, పైకొమ్మలు నరకడానికి వాడతారే, ఆ దోటిని. కత్తిని చూసి మనుషులు భయపడటం మీకు తెలుసు. భయపడే కత్తి కూడా ఒకటుందంటే నవ్వుతారేమో. నవ్వండి. నాకు మాత్రం గాలి వీస్తే భయం. ఆకుల మధ్య నుంచి కరెంటు తీగ కనిపిస్తే భయం. నన్ను ఎవరైనా మెచ్చుకుంటే అన్నిటికన్నా ఎక్కువ భయం.

పుట్టకముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. బరువులు మోసీ మోసీ విరిగిపోయి, తుని దగ్గర ఒక కొలిమిలో పడ్డాను. కమ్మరి నన్ను ఎర్రగా కాల్చాడు, సాగగొట్టాడు, చిలకముక్కులా వంచాడు. కర్ర దూరడానికి వెనకవైపు గొట్టంలా చుట్టాడు. ఆఖరున నీళ్ళలో ముంచినప్పుడు నేను చుయ్యిమని వేసిన కేకే నా మొదటి మాట. అదే ఆఖరి మాట కూడా. ఆ తరవాత నాకున్న నోరు కోయడానికే గాని చెప్పడానికి కాదు. అది ఎంత పెద్ద శిక్షో అప్పట్లో నాకు తెలియదు.

నన్ను కొన్నవాడు బుల్లియ్య. మామిడితోటలు గుత్తకు తీసుకునే మనిషి. అంచు మీద బొటనవేలు అడ్డంగా రాసి చూశాడు, గోటితో కొట్టి మోత విన్నాడు, డబ్బులిచ్చేశాడు. నాకు కర్ర వెతకడానికి మాత్రం చాలా తిరిగాడు. బాగా ముదిరిన వెదురు, లోపల బోలు తక్కువగా ఉన్నది తెచ్చి, నీడలో ఎండబెట్టి, మంట మీద చూపించి వంకరలు తీసి, నూనె పట్టించాడు. దోటి కొనేవాళ్ళు కత్తిని చూస్తారు, వాడేవాళ్ళు కర్రను చూస్తారు. ఆ వెదురు భుజం మీద నేను ఎటు కావాలంటే అటు తలతిప్పేదాన్ని. కాయలు దిగిపోయాక తోటలో ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసేవాళ్ళం. కొమ్మను ముందు కిందినుంచి కొంచెం కొరికించి, తరవాత పైనుంచి లాగేవాడు బుల్లియ్య. అలా చేస్తే కొమ్మ విరిగి పడేటప్పుడు మాను బెరడు చీరుకుపోదు.

ఒక మధ్యాహ్నం తోట చివర ఒక కొమ్మను లాగుతుంటే ఉన్నట్టుండి గాలి లేచింది. కొమ్మ తెగింది, నేను జారాను. పక్కగా పోతున్న రెండు కరెంటు తీగల మధ్య నా ముక్కు ఇరుక్కుంది. అప్పుడు నాలోంచి దూసుకుపోయింది ఏమిటో నేను చెప్పలేను. కొలిమిలో నెమ్మదిగా కాలాను. ఇది అలా కాదు. తెల్లటి మంట, పెద్ద చప్పుడు, నా ముక్కు చివర కరిగి నల్లబడింది. బుల్లియ్య వెల్లకిలా పడ్డాడు. చచ్చిపోయాడనుకున్నాను. లేచి, మంచినీళ్ళు తాగి, తనను తాను తడుముకుని, పకపకా నవ్వాడు.

"కరెంటు నా దోటిని ముద్దెట్టుకుందిరోయ్!"

నా భయం అక్కడ మొదలైంది. మంటకి కాదు, ఆ మాటకి. బుల్లియ్య చేతిలో ఉన్నది నేను కాదు, ఎండిన వెదురు. వచ్చినది నా దాకా వచ్చి, కర్ర దగ్గర ఆగిపోయింది. ప్రాణం నిలబెట్టింది ఆ కర్ర. కానీ మనుషులకు మచ్చ ఉన్నదే కనిపిస్తుంది. నా ముక్కు మీద మచ్చ ఉంది, కర్ర మీద ఏమీ లేదు. పెళ్ళిళ్ళలో, పంక్తిలో కూర్చున్నప్పుడు బుల్లియ్య ఆ కథ చెప్పి నవ్వించేవాడు. చెప్పిన కొద్దీ కథలో నేను పెద్దదాన్నయ్యాను, కర్ర చిన్నదైపోయింది. కొన్నాళ్ళకు కర్ర ఊసే లేదు.

తోటలు మానేశాక బుల్లియ్య నన్ను పెద్దాపురంలో ఉన్న అక్క మంగతాయారుకు ఇచ్చేశాడు. ఆమె పెరట్లో ప్రహరీ పక్కన మునగచెట్టు ఉంది. మునగకొమ్మ మెత్తన, కాలు పెడితే విరుగుతుంది, దోటి లేకుండా పని జరగదు. పొగిడి మునగచెట్టు ఎక్కించడం అంటారే, నా విషయంలో అది మాటవరసకు కాదు. ప్రహరీ అవతల సందు, సందులో స్తంభాలు, స్తంభాల మీద తీగలు. చెట్టు ఏటా ఆ తీగల వైపే పెరిగేది. వానాకాలం అవి సన్నగా మూలిగేవి. నేను వెనక వసారాలో గోడకు ఆనుకుని ఆ మూలుగు వింటూ ఉండేదాన్ని. అయినా కర్ర ఉంది కదా అని ధైర్యం తెచ్చుకునేదాన్ని.

కర్ర పుచ్చిపోయింది. వానకు తడిసి, ఎండకు పగిలి, గుండ రాలడం మొదలైంది. మంగతాయారు కొడుకు రత్నాజీ పైపుల కొట్లో పనిచేస్తాడు. మంచి ఇనప పైపు తెచ్చి, నన్ను దానికి వెల్డింగ్ చేయించాడు.

"ఇదిగో అమ్మా, పుచ్చేది లేదు, విరిగేది లేదు. జీవితాంతం ఉంటాది," అన్నాడు.

ఎవరి జీవితాంతమో చెప్పలేదు. పాపం, అతనికీ తెలియదు. నా వెదురును ముక్కలు చేసి నీళ్ళ కాగు కింద మంటలో పెట్టారు. ఆ పూట ఇంట్లో అందరూ వేడివేడిగా తలంటుకున్నారు. నేను వసారాలోంచి ఆ పొగ చూశాను.

ఇక నేను కొన నుంచి మొదలు దాకా ఇనుమునే. నన్ను ఎవరు పట్టుకున్నా, నన్ను తాకినదే వాళ్ళనూ తాకుతుంది.

ఆ ఏడు వానలు పడగానే మునగచెట్టుకు గొంగళిపురుగులు పట్టాయి. మాను కనిపించకుండా, బొచ్చుదుప్పటి కప్పినట్టు. ఇంట్లో రత్నాజీ భార్య ఇందుమతికి ఏడో నెల.

"రత్నాజీ, ఆ పురుగుల్ని చూసేవా? నిన్న అమ్మాయి జాకెట్టు దులిపితే అందులోంచి ఒకటి పడింది. ఒళ్ళంతా దద్దుర్లొస్తే, కడుపుతో ఉన్న పిల్ల మందు కూడా మింగకూడదు," అంది మంగతాయారు.

"నేను చెట్టు కొట్టకూడదని నువ్వే అన్నావు కదమ్మా."

"నువ్వు కొట్టకూడదు. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు పచ్చటి చెట్టు మీద కత్తెట్టకూడదు. నేనెట్టొచ్చు."

"కరెంటోళ్ళతో మాట్లాడి ఆదివారం లైను ఆపిస్తాను. అందాకా ఆగు."

"ఆదివారం దాకా ఆ పురుగులాగుతాయా? తలంటుకుని, బొట్టెట్టుకుని కూర్చుంటాయా? అయినా మన దోటిని కరెంటేం చేత్తాదిరా! మీ మావయ్యనడుగు. దీని ముక్కు మీద మచ్చ చూడు."

నేను ఆనుకున్న గోడ చల్లగా ఉంది. నేను అంతకన్నా చల్లబడ్డాను. రత్నాజీ నా మచ్చ వైపు చూసి, తనూ నవ్వేసి, కొట్టుకు వెళ్ళిపోయాడు. పుట్టబోయే బిడ్డ బాగుండాలని పెట్టుకున్న నియమం, ఆ ఇంటి పెద్ద ఆడమనిషిని తీసుకెళ్ళి తీగ కింద నిలబెట్టింది. ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. చెడ్డవాళ్ళు చేసే పనులకన్నా ఇలాంటివే నాకు ఎక్కువ భయం.

ఆమె పనిమంతురాలు, కాదనను. అందే రెమ్మలకు కత్తెర తీసుకుంది. ఏటవాలుగా కత్తిరించింది, నీళ్ళు నిలిచి కుళ్ళకుండా. లావుపాటి కొమ్మకు రంపం పెట్టింది. కోసిన చోటల్లా పేడ మెత్తింది. ఆమె కత్తెరతో కోస్తున్నంతసేపూ, రంపంతో కోస్తున్నంతసేపూ నేను నేల మీద పడి, వీటితోనే అయిపోతే బాగుండునని కోరుకున్నాను. అవలేదు. పైకొమ్మలు మిగిలాయి, అన్నీ తీగల వైపువే.

నన్ను అందుకునే ముందు ఆమె చెప్పులు విడిచి మాను దగ్గర పెట్టింది. "తల్లీ, కోపమెట్టుకోకు. మళ్ళీ చిగురెయ్యి," అని చెట్టుకు దణ్ణం పెట్టింది. రాత్రి వాన పడిన నేల. తడిమట్టిలో ఒట్టికాళ్ళతో నిలబడి, నన్ను రెండు చేతులా పైకెత్తింది.

పైపు బరువు. వెదురు మీద ఉన్నప్పుడు నా తల ఎటు పోతుందో పట్టుకున్నవాళ్ళ చేతికి తెలిసేది. ఈ పైపు చివర నేనెటు ఊగుతానో నాకే తెలియదు. ఒక కొమ్మ తెగింది. ఇంకోటి తెగింది. తీగల మూలుగు దగ్గరకు వచ్చింది. కాదు, నేనే దగ్గరకు వెళ్ళాను.

ఇందుమతి వసారాలో కూర్చుని, పడిన కొమ్మల్లో పురుగు లేని రెమ్మలు ఏరి ఆకు దూస్తోంది. నేల తడిగా ఉందని ఒక చెక్కపీట తెచ్చి వేసుకుంది.

"ఏమ్మాయ్, ఫ్రిజ్జు కాడ పీట పట్టుకొచ్చేసేవా?" మంగతాయారు తల తిప్పకుండానే కేకేసింది. "మళ్ళీ మర్చిపోయి ఒట్టినేల మీద నిలబడి ఫ్రిజ్జు తీసేవు, జివ్వుమంటాది. కర్ర మీద నిలబడితే కరెంటు రాదని ఎన్నిసార్లు చెప్పేను?"

ఆ ఇంట్లో ఫ్రిజ్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. బాగుచేయించాలని అందరూ అంటారు, ఎవరూ చేయించరు. దాని ముందు ఒక పీట వేసి ఊరుకున్నారు.

"పెట్టేస్తానత్తయ్యా," అని ఇందుమతి పీట వైపు చూసింది. తరవాత తలెత్తి నా వైపు చూసింది. నా మెడ నుంచి పైపు వెంట కిందికి, అత్తగారి చేతుల దాకా, ఆమె పాదాల దాకా. ఆకు దూయడం ఆగిపోయింది.

"అత్తయ్యా, బుల్లియ్య మావయ్య పట్టుకున్నప్పుడు దీనికి కర్ర కదా ఉండేది?"

"ఆఁ? కర్రో, పైపో. పట్టు బాగుండాలి గాని."

"దించేయండత్తయ్యా! అది కర్ర కాబట్టి..."

"ఊరుకోవే! ఇంకొక్క కొమ్మ. దీన్ని కరెంటు ముద్దెట్టుకుని కూడా మావోడు..."

ఆఖరి కొమ్మను నేను కరిచిపట్టుకుని ఉన్నాను. దానికీ తీగకూ మధ్య జానెడు కూడా లేదు. మంగతాయారు బలంగా లాగింది. కొమ్మలో పీచు ఒక్కొక్కటే తెగుతోంది. అది పూర్తిగా తెగితే నేను వెనక్కి ఎగురుతాను, తీగ మీదకు. పట్టు వదలకూడదని నా పదును అంతా బిగబట్టాను. కత్తికి కోయకుండా ఉండటం చేతకాదు. పీచు తెగిపోతూనే ఉంది.

"అమ్మా! నొప్పి! అత్తయ్యా, నొప్పులు!"

ఇందుమతి పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయింది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆ కేక విన్న మంగతాయారు నన్ను దించలేదు, ఆనించలేదు. అక్కడికక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆమె వసారా మెట్టు ఎక్కడమూ, కొమ్మ తెగడమూ, నేను ఒరిగి తీగ మీద పడటమూ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి.

తెల్లటి మంట మళ్ళీ వచ్చింది. ఈసారి దాన్ని ఆపడానికి కర్ర లేదు. నా ఒళ్ళంతా పాకి, పైపు వెంట దిగి, నేలలోకి పోయింది. తడిమట్టి పొగలు కక్కింది. స్తంభం మీద ఏదో ఢామ్మని పేలి, ఆ సందులో ఇళ్ళన్నిటికీ కరెంటు పోయింది. ఆ క్షణంలో నన్ను ఎవరూ పట్టుకుని లేరు. నా బతుకులో అంతకన్నా పెద్ద అదృష్టం ఎరగను.

పైపు మొదలు దిగబడి కాలినచోట, పక్కనే మంగతాయారు పాదాల అచ్చులు ఉన్నాయి.

ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. లైన్‌మాన్ వచ్చి, సరఫరా పూర్తిగా ఆపించి, నన్ను కిందికి లాగాడు. పైపు మొదలు చూసి అతని మొహం మారిపోయింది.

"దీన్నెవరు పట్టుకున్నారండీ?"

"ఎవరూ పట్టుకోలేదండీ," అంది ఇందుమతి. అది నిజమే.

మంగతాయారు మెట్టు మీద కూర్చుని, రెండు అరచేతులూ ఒళ్ళో తెరిచి పెట్టుకుని, వాటినే చూసుకుంది. రత్నాజీ కొట్టు నుంచి పరుగున వచ్చి నన్నూ, పైపునూ, తల్లినీ మార్చి మార్చి చూసి, తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. జనమంతా వెళ్ళాక మంగతాయారు అడిగింది.

"నొప్పి తగ్గిందా అమ్మాయ్?"

"తగ్గిందత్తయ్యా."

"తగ్గుద్దిలే."

అంతే. మళ్ళీ ఆ మాట వాళ్ళిద్దరి మధ్యా రాలేదు. మర్నాడు ఫ్రిజ్ బాగుచేసేవాడు వచ్చాడు. పైపు పాతసామాన్ల బండి ఎక్కింది. నన్ను దాన్నుంచి కోయించి, మూరెడు కర్ర తొడిగించి, వసారాలో మేకుకు తగిలించారు. తీగల వైపు కొమ్మలను లైన్‌మానే కరెంటు ఆపి కొట్టించాడు.

ఇందుమతి పుట్టింట్లో ఆడపిల్లను కని, మూడో నెలలో తిరిగొచ్చింది. పిల్లను చూడటానికి బుల్లియ్య వచ్చాడు. ఉయ్యాలలో పిల్ల చేతిలో నోటు పెట్టి, అటూ ఇటూ చూసి, మేకు మీద నన్ను పట్టేశాడు.

"మళ్ళీ ముద్దెట్టించుకుందంట కదక్కా! రెండుసార్లు! ఇది మామూలు దోటి కాదు. నువ్వెలాగూ వాడట్లేదు, నాకిచ్చెయ్యి. మంచి పైపు తొడిగించి..."

నా ముక్కు మీద ఇప్పుడు రెండు మచ్చలు. అతని చెయ్యి నా మీదకు వస్తుంటే నేను మేకును వదలకుండా పట్టుకుందామనుకున్నాను. మంగతాయారు ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టుకోకు. ఒరేయ్ తమ్ముడూ, ఇన్నేళ్ళూ అందరికీ తప్పు చెప్పేవురా. నిన్ను కాపాడింది ఇది కాదు, కర్ర."

"మరి నిన్నో? నీకు కర్ర కూడా లేదు కదా?"

ఆమె ఉయ్యాల వైపు చూసింది.

"నాకా? నెలలు నిండకుండానే పురిటినొప్పులొచ్చినియ్యి ఒకమ్మాయికి. అయ్యి కాపాడేయి."

ఉయ్యాల తాడు మీద ఇందుమతి చెయ్యి ఆగింది. తరవాత మళ్ళీ మెల్లగా ఊపింది. బుల్లియ్యకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా నవ్వాడు, అతనికి అలవాటు.

ఇప్పుడు నేను కరివేపాకు రెమ్మలు, మందార కొమ్మలు కోస్తాను. నాకు పేరు లేదు, ఆ బరువు దిగిపోయింది. భయం మాత్రం పోలేదు. వానగాలికి సందులో తీగలు మూలిగితే మేకు మీద ఇంకా చిన్నగా వణుకుతాను. ఆ పిల్ల ఉయ్యాలలోంచి నా మచ్చల వైపే చూస్తూ ఉంటుంది. రేపు మాటలొచ్చాక అవేమిటని అడుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు కథ చెబుతారు. చెప్పేటప్పుడు కర్రను మరిచిపోరు కదా!