బుడగలమ్మ కోడలి ఊపిరి

ఆ ఇంట్లో పొద్దున్న లేవగానే ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. కోపతాపాలేం లేవు. పళ్ళు తోముకోకుండా నోరు తెరిస్తే బుడగలమ్మ ఊరుకోదు, అంతే. ముందు బ్రష్షు, తర్వాత నాలుకబద్ద, ఆ తర్వాత నాలుగు పుక్కిళ్ళు. అప్పుడుగానీ "ఏమే, లేచావా?" అనే పలకరింపు ఉండదు. రాత్రి పడుకోబోయే ముందు ఈ తతంగమంతా మళ్ళీ మొదలు. అది అయ్యాక మంచినీళ్ళు తప్ప ఇంకేదీ గొంతు దిగకూడదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఒక్క రాత్రికే హడలిపోయి, మర్నాడు ఏదో వంక చెప్పి బస్సెక్కేసేవాళ్ళు.

బుడగలమ్మ అంటే పార్కు గేటు ముందు బుడగలమ్మే ఆవిడే. ఆవిడ నోటితో ఊదిన బుడగలు పైకి లేస్తాయి. గ్యాసు లేదు, గీసు లేదు, ఉత్త ఊపిరే. శుభ్రమైన నోట్లోంచి వచ్చిన ఊపిరి తేలిగ్గా ఉంటుంది, తేలిగ్గా ఉన్నది తేలుతుంది, ఇందులో విడ్డూరమేముందని ఆ పేటలో ఎవరినడిగినా అంటారు. పిల్లలకైతే ఆ సంగతే పట్టదు. వాళ్ళ గొడవంతా రంగుల గురించే. "ఎర్రది ఇవ్వు, కాదు కాదు పసుపుది, ఊహూఁ ఎర్రదే!"

అన్నట్టు, ఆ ఇంట్లో వాష్‌బేసిన్ పైన సీలింగుకి ఆనుకుని ఒక నీలం బుడగ ఉంటుంది. బుడగలమ్మ వాళ్ళమ్మ పోయేముందు ఊదిన ఆఖరి బుడగ అది. ఏళ్ళు గడిచినా గాలి రవ్వంత తగ్గలేదు. ఎవరైనా బ్రష్షు పట్టుకోగానే మెల్లగా కిందికి దిగి, చెంప పక్కన నిలబడి చూస్తుంది. తోమడం సరిగ్గా ఉంటే పైకి పోతుంది. లేదంటే ససేమిరా కదలదు. బుడగలమ్మ కొడుకు, సిటీ బస్సు డ్రైవరు, రెండు గీతలు గీకి ఉమ్మేసే రకం. నీలం బుడగ రోజూ అతని ముక్కుకి అడ్డంగా నిలబడేది.

"అమ్మమ్మా, డ్యూటీకి టైమైపోతోంది, నన్నొదిలెయ్యవే!" అని బతిమాలుకుంటూ, దాని కింద నుంచి దూరి పారిపోయేవాడు.

వాడు ఊదితే బుడగ లేచేది కాదు, నేల మీద దొర్లేది. బుడగలమ్మ మాత్రం "వీడికి వాళ్ళ నాన్న పోలికొచ్చిందిలే" అని సర్దుకుంది. ఆవిడ లెక్కలో అది వంశంలో రావాలి. వాళ్ళమ్మమ్మ ఊదింది, వాళ్ళమ్మ ఊదింది, ఇప్పుడు తను ఊదుతోంది. కొడుకు ఎందుకు ఊదలేకపోతున్నాడో ఒక్క నిమిషం కూర్చుని ఆలోచిస్తే తేలిపోయేది. కానీ సొంత గొప్ప దగ్గరికి వచ్చేసరికి ఎవరైనా అంత దూరం ఆలోచిస్తారా?

ఇక కోడలు. కోడలి పని ముడి వెయ్యడం. అత్త స్టూలు మీద కూర్చుని ఊది ఇస్తే, కోడలు మెడలో దారపు రీలు వేలాడేసుకుని పక్కన నిలబడి, బుడగ మూతి మెలిపెట్టి, టక్కున ముడేసి, దారం చివర మళ్ళీ అత్త చేతికే అందించేది. పిల్లల చేతికి మటుకు అత్తే ఇవ్వాలి. బుడగ అందుకున్న పిల్ల మొహం వెలిగిపోవడం చూసినప్పుడల్లా కోడలికి ప్రాణం లాగేసేది. తనూ ఒక్కసారి ఊదాలి! ఒక్కటంటే ఒక్కటి! పెళ్ళైన కొత్తల్లో ధైర్యం చేసి అడిగింది కూడా.

"అది రక్తంలో ఉండాలే అమ్మాయ్. నేర్చుకుంటే వచ్చేది కాదు" అంది అత్త. తిట్టలేదు, విసుక్కోలేదు. అందుకే ఆ మాట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. మళ్ళీ అడగలేదుగానీ, ఆశ చావలేదు.

కోడలికి ఒక అలవాటుంది. రాత్రి తోముకునే ముందు రీలులోంచి మూరెడు దారం తెంపి, రెండు చేతుల వేళ్ళకీ చుట్టుకుని, పంటికీ పంటికీ మధ్య మెల్లగా పోనిచ్చి, చిగురు నొప్పెట్టకుండా పైకీ కిందికీ లాగేది. చేతినిండా దారం ఉన్న మనిషి, ఎలా అబ్బిందో అబ్బింది. ఆ పని చేస్తున్నంతసేపూ నీలం బుడగ ఆవిడ చెంప పక్కన హుషారుగా ఊగేది. అత్తకి మాత్రం ఒళ్ళు మండేది.

"దారం బుడగకే, పంటికి కాదు. బ్రష్షు దేనికున్నట్టు మరి?"

"బ్రష్షు దూరని సందులుంటాయి కదండీ అత్తయ్యా."

"నా నోట్లో సందుల్లేవులే!"

అంతలో వచ్చిపడింది ఆపద. బుడగలమ్మ బుడగలు కిందికి జారడం మొదలైంది. మొదట తల ఎత్తు దాకా లేచి ఆగిపోయాయి. తర్వాత నడుం దాకా. ఒకరోజు ఒక పిల్ల వెనక్కొచ్చి, "మామ్మా, నా బుడగ నా వెనక నడుస్తోంది" అని బావురుమంది. బుడగలమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నుంచి పళ్ళు మరీ గట్టిగా రుద్దడం మొదలెట్టింది. గరగరా, బరబరా. కుచ్చులు నాలుగు వైపులా విచ్చుకుపోయిన పాత బ్రష్షుతోనే చిగుళ్ళు ఎర్రబడేదాకా రుద్దేది. అది చాలదని ఎవరూ చూడకుండా బుగ్గన మింటు బిళ్ళ పెట్టుకుని ఊదేది. వాసనైతే ఘుమఘుమలాడింది. బుడగలు మాత్రం నేలని పట్టుకుని వదల్లేదు.

పార్కుకి అప్పట్లో రిపేర్లు నడుస్తున్నాయి. పిల్లల ఉయ్యాలలు, కొత్త జారుడుబల్ల, ఫౌంటెను, అబ్బో, హంగామా! ఒక సాయంత్రం సూపర్‌వైజరు వచ్చి మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"చూడమ్మా, శనివారం నాలుగింటికి గేటు తెరుస్తున్నాం. గేటు ముందు ఒక్కరికే చోటు. సిలిండరుతో గ్యాసు బుడగలు నింపేతను కూడా అడుగుతున్నాడు. నాకు నువ్వే ఉండాలని ఉంది. కానీ ఆ రోజు నీ బుడగలు లేవకపోతే నేనేం చెయ్యను?"

తల్లి నిలబడ్డ చోటు, తల్లి తల్లి నిలబడ్డ చోటు. బుడగలమ్మ ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. చోటు పోతుందన్న దిగులొకటైతే, ముద్ద పెట్టుకుంటే కుడివైపు దవడ జివ్వుమనడం ఇంకొకటి. అది ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున్న కోడలు లేచేసరికి వాష్‌బేసిన్ దగ్గర అత్త చేతులూపుతూ గంతులేస్తోంది. నీలం బుడగ ఆవిడ కుడి చెంపని వదలడం లేదు. తోస్తే వెనక్కిపోయి మళ్ళీ వచ్చి ఠపీమని తగులుతోంది.

"పోవే అమ్మా! పో! అబ్బా!"

ఆ "అబ్బా"లో నొప్పి కోడలికి వినపడింది. ఇంకా పళ్ళు తోముకోలేదన్న సంగతి కూడా మరిచిపోయి నోరు తెరిచేసింది.

"పన్ను నొప్పా అత్తయ్యా? ఎన్నాళ్ళ నుంచి?"

"నొప్పేంటి, ఏం లేదు. పక్కకి జరుగు."

"ఏదీ, ఆ బుగ్గ మీద నా వేలు పెట్టనివ్వండి."

బుడగలమ్మ మొహం చిన్నబోయింది. జీవితమంతా పళ్ళ గురించి లోకానికి పాఠాలు చెప్పిన మనిషి. తన పన్ను పుచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? పైగా పళ్ళ డాక్టరు కుర్చీ అంటే ఆవిడకి పులి బోనుతో సమానం. కోడలు వాదనకి దిగలేదు. చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు పెట్టింది. నీలం బుడగ తలుపు దాకా వచ్చి సాగనంపింది.

పళ్ళ డాక్టరు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. పిలుపొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. డాక్టరమ్మ చిన్న అద్దం పెట్టి చూసి, పెదవి చప్పరించింది.

"రెండు దవడ పళ్ళ మధ్య సందులో పుచ్చిందండీ. బ్రష్షు ఇక్కడికి చేరదు. అయినా ఇంత గట్టిగా రుద్దుతున్నారేంటి, గిన్నెలు తోముతున్నారా? మెత్తటి బ్రష్షుతో చిన్న చిన్న చుట్లు తిప్పితే చాలు. అవునూ, ఏమైనా చప్పరిస్తున్నారా?"

బుడగలమ్మ దొంగచూపులు చూసింది. కోడలు నవ్వాపుకుని, "మింటు బిళ్ళలండీ" అంది.

"బాగుంది! చక్కెర పెట్టి పుచ్చుకి విందు చేస్తున్నారన్నమాట. వాసన కప్పేస్తే నోరు శుభ్రమైనట్టా?"

సూది పడింది. మర గుయ్యిమంది. బుడగలమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, గాజులు నలిగిపోయేంత గట్టిగా నొక్కింది. సందు శుభ్రం చేసి, సిమెంటు నింపి, డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది. "ఇక భయం లేదు. సాయంత్రం దాకా పెదవి మొద్దుబారి ఉంటుంది, అంతే."

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెదవి మొద్దుబారితే ఊదేదెలాగ?

నాలుగు కావస్తోంది. గేటు ముందు పిల్లలు, పిల్లల నాన్నలు, అమ్మలు, తోపులాట, ఈలలు, కేరింతలు! ఒక పక్క గ్యాసు బుడగలతను సిలిండరు దించుకుని సిద్ధంగా ఉన్నాడు. సూపర్‌వైజరు చేతిలో తాళంచెవులు గలగలలాడుతున్నాయి. బుడగలమ్మ స్టూలు మీద కూర్చుని ఎర్ర బుడగ నోట్లో పెట్టుకుంది. ఊదింది. ఫుస్స్! గాలంతా మూతి పక్కనుంచి పోయింది. మళ్ళీ ఊదింది. ఫుర్ర్! బుడగ నోట్లోంచి జారి ఒళ్ళో పడింది. పిల్లలు పకపకా నవ్వారు. బుడగలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే డ్యూటీ దిగి పరుగెత్తుకొచ్చాడు కొడుకు. "ఇలా ఇవ్వమ్మా!" అని ఒకటి లాక్కుని, మెడ నరాలు పొంగేలా ఊదాడు. బుడగ నేల మీద పడి, తాపీగా దొర్లుకుంటూ పోయి, సూపర్‌వైజరు బూటు దగ్గర ఆగింది. గ్యాసు బుడగలతను పాపం మంచివాడు. "పోనీ నా సిలిండరుతో ఓ రెండు నింపివ్వనా అమ్మా?" అన్నాడు. బుడగలమ్మ తల అడ్డంగా ఊపింది.

కోడలు స్టూలు దగ్గరికి జరిగింది. ఇప్పుడు అడక్కపోతే జన్మలో అడగలేదు. మెడలో దారపు రీలు రెండు చేతులా గట్టిగా పట్టుకుని వంగింది.

"అత్తయ్యా. ఒక్కటి నేను ఊదనా?"

బుడగలమ్మ కోడలి వంక చూసింది. రక్తం మాట ఆవిడ నోటి దాకా వచ్చి ఉంటుంది. కానీ ఎదురుగా రక్తం పంచుకు పుట్టినవాడు ఊదిన బుడగ బూటు పక్కన పడుంది. ఆవిడకి డాక్టరమ్మ చెప్పిన సందూ, రోజూ రాత్రి ఆ సందుల్లో కోడలు లాగే దారమూ, ఆ దారం పక్కన హుషారుగా ఊగే తన తల్లి బుడగా, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఒళ్ళో పడ్డ ఎర్ర బుడగని చీరకొంగుతో తుడిచి, కోడలికి ఇచ్చింది.

కోడలు ఊపిరి పీల్చుకుంది. ఊదింది. బుడగ నిమ్మకాయంత, కొబ్బరికాయంత, గుమ్మడికాయంత అయింది. మూతి మెలిపెట్టి, టక్కున ముడేసి, దారం చుట్టి, ఇన్నేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, దారం చివర తీసుకెళ్ళి అత్త చేతిలోనే పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

చూడటానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. ముందు తెలిసింది అత్తకే. చేతిలో దారం చివుక్కున పైకి లాగింది. ఇంకోసారి లాగింది. బుడగలమ్మ తలెత్తి చూసేసరికి ఎర్ర బుడగ గేటు కమ్మీలు దాటి, సూపర్‌వైజరు టోపీ దాటి, ఫౌంటెను నీళ్ళకన్నా పైన నిగనిగలాడుతోంది.

"లేచింది! లేచిందే!" మొద్దు పెదవితోనే అరిచేసింది బుడగలమ్మ. కొడుకు ఈల వేశాడు. పిల్లలు ఒక్కసారి మీద పడ్డారు. "నాకూ! నాకు ఎర్రది! కాదు, పసుపుది!" బుడగలమ్మ దారం చివర పిల్లలకి ఇవ్వలేదు. కోడలి చేతిలో పెట్టి, "నువ్వే ఇవ్వవే. నువ్వు ఊదింది" అంది. కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముందు వరసలో నిలబడ్డ పిల్లకి బుడగ ఇచ్చి, ఆ పిల్ల మొహం వెలగడం ఈసారి ఎదురుగా నిలబడి చూసింది.

సూపర్‌వైజరు గేటు తాళం తీశాడు. గ్యాసు బుడగలతను సిలిండరు భుజానికెత్తుకుని, "వెనక గేటు దగ్గరా పిల్లలుంటారులే" అంటూ నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి వాష్‌బేసిన్ దగ్గర వరస కట్టారు. బుడగలమ్మ మూరెడు దారం వేళ్ళకి చుట్టుకుని, "ఏమే, ఇది ఎలా పోనివ్వాలో చూపించు. నవ్వావంటే ఊరుకోను" అంది. ఆవిడ వెనక కొడుకు కొత్త బ్రష్షు పట్టుకుని, వెనక్కి చూడకుండా బుద్ధిగా నిలబడ్డాడు. నీలం బుడగ వంతులవారీగా ముగ్గురి చెంపలూ చూసి, చిట్టచివరికి కొడుకు ముక్కు ముందు నుంచి కూడా పైకి పోయింది.

మర్నాడు గేటు దగ్గర కోడలు అలవాటుగా స్టూలు పక్కన నిలబడబోయింది. బుడగలమ్మ ఆవిడ భుజాలు పట్టి స్టూలు మీద కూలేసి, మెడలోంచి దారపు రీలు తీసి తన మెడలో వేసుకుంది. కోడలు ఊదిచ్చిన మొదటి బుడగకి ముడి వేసింది. ముడి జారింది. రెండోసారి వేసింది. బుడగ సుయ్యిమంటూ చేతిలోంచి ఎగిరిపోయి, ఒక పెద్దాయన బట్టతల మీద వాలింది.

"నవ్వకే!" అంది బుడగలమ్మ.

కోడలు అప్పటికే ఇంకో బుడగ నోట్లో పెట్టుకుని ఉంది. బుగ్గల నిండా గాలి, కడుపు నిండా నవ్వు. బయటికి నవ్వే వీల్లేక ఆ నవ్వంతా బుడగలోకే పోయింది. ఈసారి బుడగలమ్మ వేసిన ముడి నిలిచింది. దారం చివర కోడలి చేతికి అందించింది. ఆ రోజు ఎగిరిన వాటిలో అన్నిటికన్నా పైకి వెళ్ళింది ఆ బుడగే.